దొమ్మరి గంతులు

ఈ మధ్య హైదరాబాదులో ఒక సదస్సుకి వెళ్లాను. 'స్త్రీ శరీరం, సాహిత్యం' మీద రోజంతా మాట్లాడుకున్నాం. బహిష్టు వచ్చింది, ప్రసవం వచ్చింది, గర్భసంచి ఆపరేషన్లు వచ్చాయి, పడకగది వచ్చింది, యాసిడ్ దాడులు వచ్చాయి. అన్నీ రావలసినవే. సాయంత్రం చర్చలో నేను లేచి ఒక మాట అడిగాను. పరుగెత్తే ఆడపిల్ల గురించి, గాల్లో పల్టీ కొట్టి రెండు కాళ్ల మీద నిలబడే ఆడపిల్ల గురించి మనం ఎందుకు ఏమీ రాయలేదని. వేదిక మీద ఉన్న పెద్దావిడ నవ్వారు. ఆవిడంటే నాకు చాలా గౌరవం. "ఆటలంటే జాతీయవాదం కదమ్మా, అదంతా పతకాల లెక్క. అందులోనూ జిమ్నాస్టిక్స్ అంటున్నావు, అది అందాల పోటీకి చెల్లెలు" అన్నారు. హాలంతా నవ్వింది. టీ వేళయింది.

ఆ నవ్వుకి నా జవాబు ఇది. ఆడదాని ఒళ్లు బాధపడితే మనం రాస్తాం. ఆ ఒళ్లే ఒక విద్య నేర్చుకుని, "ఇది నాది, నన్నడగకుండా ఎవరూ దీన్ని వాడుకోవద్దు" అంటే మాత్రం మనకు వినపడదు. ఇది నేను ఊహించి చెప్తున్నది కాదు. 2022లో సరిగ్గా ఇదే జరిగింది.

బుద్దా అరుణారెడ్డి పేరు మనలో ఎంతమందికి తెలుసు? 1995లో హైదరాబాదులో పుట్టింది. మొదట కరాటే నేర్చుకుంది. ఒంటి వంపు చూసి తండ్రి జిమ్నాస్టిక్స్‌లో చేర్చాడు. లాల్ బహదూర్ స్టేడియంలో సాధన. ఆమె ప్రత్యేకత వాల్టు. తెలియని వాళ్ల కోసం చెప్తాను. దాదాపు పాతిక మీటర్లు పరుగెత్తుకొచ్చి, స్ప్రింగు పలక మీద కాళ్లు మోపి ఎగిరి, 125 సెంటీమీటర్ల ఎత్తున్న బల్లని చేతులతో తన్ని, గాల్లో తిరిగి, అవతల పరుపు మీద కదలకుండా దిగాలి. మొత్తం కొన్ని సెకన్ల పని. దిగేటప్పుడు అడుగు తడబడితే మార్కులు పోతాయి. మోకాలు తడబడితే ఏళ్లే పోతాయి. 2018 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్‌లో జరిగిన ప్రపంచకప్‌లో రెండు వాల్టుల సగటు 13.649 తెచ్చుకుని అరుణ కాంస్యం గెలిచింది. జిమ్నాస్టిక్స్ ప్రపంచకప్‌లో మన దేశానికి అదే మొదటి వ్యక్తిగత పతకం. అంతకు ముందు 2016 రియో ఒలింపిక్స్‌లో త్రిపుర అమ్మాయి దీపా కర్మాకర్ 0.150 తేడాతో పతకం పోగొట్టుకుని నాలుగో స్థానంలో ఆగింది.

పతకం రాగానే ఏమయిందో గుర్తు చేసుకోండి. రాష్ట్ర ప్రభుత్వం రెండు కోట్ల బహుమతి ప్రకటించింది. పత్రికలన్నీ ఒకటే కథ రాశాయి. 2010లో చనిపోయిన తండ్రి కలని కూతురు నెరవేర్చిందని. ఆ తండ్రి మంచివాడే. పతకాన్ని తండ్రికి అంకితం చేయడం ఆ కూతురి ప్రేమ, దాన్ని తప్పు పట్టను. నాకు పేచీ కథ కట్టినవాళ్లతో. తండ్రి పోయాక ఎనిమిదేళ్లు రోజూ పొద్దున్నే లేచి స్టేడియానికి పోయింది ఎవరు? అరచేతుల చర్మం ఊడింది ఎవరికి? ఆ ఎనిమిదేళ్లని ఒక్క వాక్యంలో దాటేసి కల మీద మూడు కాలాలు రాశారు. మగపిల్లవాడు క్రికెట్లో సెంచరీ కొడితే అది వాడి సెంచరీ అవుతుంది. ఆడపిల్ల గెలిస్తే మాత్రం ఎవరిదో కల నెరవేరాలి. తండ్రిది, కోచ్‌ది, దేశానిది, ఎవరిదైనా సరే.

2019 నవంబరులో అరుణ మోకాలి లిగమెంట్ తెగింది. ఆపరేషన్ అయింది, నెలల తరబడి నడక మళ్లీ నేర్చుకోవడం, మధ్యలో కరోనా. ఈ కాలం గురించి పెద్దగా ఎవరూ రాయలేదు. రాయడానికి అందులో పతకం లేదు కదా. నన్నడిగితే ఆమె జీవితంలో సాహిత్యం ఉన్నది అక్కడే. రెండేళ్ల తర్వాత, 2021 చివర్లో, కైరోలో జరిగిన ఫారోస్ కప్‌లో వాల్టులోనూ ఫ్లోర్‌లోనూ స్వర్ణాలు తెచ్చుకుంది.

ఆ తర్వాత వచ్చింది అసలు సంగతి. 2022 మార్చిలో బాకు ప్రపంచకప్‌కి ముందు ఢిల్లీలో ఫిట్‌నెస్ పరీక్ష పెట్టారు. ఆ పరీక్షలో తనను తన అనుమతి లేకుండా వీడియో తీశారని అరుణ ఆరోపించింది. లాయరు నోటీసు పంపింది. మే నెలలో స్పోర్ట్స్ అథారిటీ ముగ్గురు సభ్యుల కమిటీ వేసింది. ఆ కమిటీ లెక్కలోకి నేను పోను, తప్పెవరిదో తీర్పు చెప్పడానికి నేను న్యాయమూర్తిని కాను. నాకు ముఖ్యం ఆమె అడిగిన ప్రశ్న. పోటీలో వేల మంది ముందు, కెమెరాల ముందు ఆడే అమ్మాయే కదా, పరీక్షలో ఒకడు ఫోన్ పడితే ఏమయిందట? ఈ మాట అప్పుడు చదువుకున్నవాళ్ల నోట కూడా విన్నాను. జవాబు చాలా సులువు. పోటీలో కెమెరా ఉంటుందని ఆమెకు తెలుసు, ఆమె ఒప్పుకునే వస్తుంది. పరీక్ష గదిలో అడగలేదని ఆమె అంటోంది. తేడా అంతా ఆ అడగడంలోనే ఉంది. భార్య అయినంత మాత్రాన ప్రతి రాత్రీ ఒప్పుకున్నట్టు కాదని ముప్పై ఏళ్లుగా రాస్తున్నవాళ్లం మనం. ఈ వాదం మనకు కొత్తదా?

అయినా మన పత్రికల్లో దాని మీద ఒక్క వ్యాసం నా కంట పడలేదు. 2005లో సానియా మీర్జా స్కర్టు మీద మతపెద్దలు గొడవ చేసినప్పుడు మనకు బోలెడు మాటలు దొరికాయి. అక్కడ ఎదుటివాడు గడ్డం పెంచుకున్న మతపెద్ద, గుర్తుపట్టడం తేలిక. 2023లో వినేశ్ ఫొగట్, సాక్షి మలిక్ జంతర్ మంతర్ దగ్గర కూర్చున్నప్పుడు కదిలాం, మే 28న పోలీసులు వాళ్లని ఈడ్చుకెళ్లిన ఫొటోలు చూసి ఏడ్చాం కూడా. ఈడ్చుకెళ్లేదాకా ఎందుకు ఆగాలి? వాళ్లకు ఏడాది ముందే మన ఊరి అమ్మాయి ఒంటరిగా ఒక కాగితం పట్టుకుని నిలబడింది. 2013 నాటి పని ప్రదేశాల్లో లైంగిక వేధింపుల నిరోధక చట్టం 'పని ప్రదేశం' నిర్వచనంలో స్టేడియాన్నీ, క్రీడా సంస్థనీ, పోటీ జరిగే చోటునీ పేరు పెట్టి చేర్చింది. ఆ చట్టం మీద కాలేజీల్లో ఎన్ని వర్క్‌షాపులు పెట్టుకున్నాం! ఒక్కటంటే ఒక్కటి ఎల్బీ స్టేడియం మెట్ల మీద పెట్టామా?

ఇక అందాల పోటీ చెల్లెలన్న మాట. దీన్ని తేలిగ్గా తీసిపారేయను, ఎందుకంటే ఇందులో కొంత నిజం ఉంది. ముఖ్యంగా రిథమిక్ జిమ్నాస్టిక్స్‌లో. వలయం, బంతి, క్లబ్బులు, రిబ్బన్ పట్టుకుని పదమూడు మీటర్ల చదరంలో సంగీతానికి ఆడే ఆట ఇది. 1984 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది, అక్కడ ఆడవాళ్లకి మాత్రమే. మన హైదరాబాదు అమ్మాయి మేఘనా రెడ్డి గుండ్లపల్లి 2018లో గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో ఆడింది ఈ ఆటే. (అరుణ, మేఘన, ఇద్దరి పేర్లలోనూ రెడ్డి ఉంది, ఇద్దరిదీ రాజధాని నగరమే. ఆ సంగతికి తర్వాత వస్తాను.) ఈ ఆటలో లాలిత్యానికి మార్కులుంటాయి, మెరుపుల బట్టలుంటాయి, నవ్వు మొహం ఉండాలి. సన్నగా ఉండాలి అన్న రూలు ఏ పుస్తకంలోనూ ఉండదు, అయినా అందరికీ తెలుసు.

ఈ ఆట పేరు చెప్తే లోకానికి గుర్తొచ్చే దేశాల్లో బల్గేరియా ఒకటి. చిన్న దేశం. మరియా గిగోవా 1969, 1971, 1973లలో మూడుసార్లు ప్రపంచ విజేత. 1987లో వర్నాలో పదిహేడేళ్ల బియాంకా పనోవా వ్యక్తిగత స్వర్ణాలన్నీ ఒక్కతే ఊడ్చుకుపోయింది. టోక్యో ఒలింపిక్స్‌లో, 2021లో, బృంద స్వర్ణం వాళ్లదే. 2024 పారిస్‌లో బోర్యానా కలేయిన్‌కి వెండి. ఆ దేశంలో ఈ పిల్లల్ని బంగారు అమ్మాయిలంటారు. బంగారానికి నొప్పి ఉండదని కాబోలు. 2016 జూన్‌లో, రియోకి వారాల ముందు, ఆ బృందానికి చెందిన ఒక అమ్మాయి ఇంటి పై అంతస్తు నుంచి కింద పడి ప్రాణాపాయంలో ఆస్పత్రి పాలైంది. ఆగస్టులో మిగిలిన పిల్లలు కాంస్యం గెలిచి ఆమెకు అంకితం చేశారు. 2022లో ఇటలీలో నీనా కొరాదీని, అన్నా బస్తా అనే మాజీ క్రీడాకారిణులు నోరు విప్పారు. రోజూ బరువు తూచి ఎలా అవమానించేవాళ్లో చెప్పారు. అమెరికాలో జిమ్నాస్టులకు వైద్యం చేయాల్సిన డాక్టరు లారీ నాసర్ ఏం చేశాడో, 2018లో కోర్టులో నూటయాభై మందికి పైగా స్త్రీలు ఒకరి తర్వాత ఒకరు నిలబడి చెప్పారు.

అందుకే నేననేది. ఈ ఆటలో ఇంత హింస ఉందని తెలిస్తే స్త్రీవాదులు చేయాల్సిన పని మొహం తిప్పుకోవడమా? వంటగదిలో హింస ఉందని వంటగది గురించి రాయడం మానలేదే. పెళ్లిలో హింస ఉందని పెళ్లి గురించి మానలేదే. అక్కడ ఉన్న ఆడవాళ్ల పక్కన నిలబడ్డాం. ఇక్కడ మాత్రం ఆటనే ఎగతాళి చేసి బయటికొస్తున్నాం.

పోనీ అందాల పోటీతో పోల్చే చూద్దాం. 2025 మేలో ప్రపంచ సుందరి పోటీలు హైదరాబాదులో జరిగాయి. రామప్ప గుడి దగ్గర పోటీదారుల కాళ్లు స్థానిక స్త్రీలతో కడిగించిన దృశ్యం చూసి మనమంతా మండిపడ్డాం, పడాల్సిందే. ఆ పోటీలో ఒళ్లు ఉండటమే అర్హత. జిమ్నాస్టిక్స్‌లో ఒళ్లు ఏం చేయగలదన్నది అర్హత. ఒకదాంట్లో చూపు మొత్తం చూసేవాడిది. రెండోదాంట్లో చూసేవాడికి అర్థం కాని ఒక లెక్క ఆ పిల్ల కండరాల్లో ఉంటుంది. ఎక్కడ ఊపిరి బిగబట్టాలో, ఎప్పుడు చేతులు వదలాలో ఆమెకే తెలుసు. పైగా ఆ పిల్లలు బట్టల సంగతి కూడా తామే తేల్చుకుంటున్నారు. 2021లో జర్మన్ జిమ్నాస్టులు బాసెల్‌లోనూ, తర్వాత టోక్యోలోనూ కాళ్లు పూర్తిగా కప్పే దుస్తులు వేసుకొచ్చారు. మతం చెప్పిందని కాదు, మార్కెట్ చెప్పిందనీ కాదు. ఏది వేసుకోవాలో మేమే నిర్ణయిస్తామని. ఇంతకన్నా చక్కటి శరీర రాజకీయం ఏ కవితలో ఉంది?

అసలు మనం ఎందుకు నవ్వాం? ఇది తెలియాలంటే బొంరాస్‌పేట రావాలి.

నేను ఈ మండలంలో తెలుగు చెప్తాను. పరిగి నుంచి కొడంగల్ పోయే దారిలో ఉంటుంది. 2016 దాకా పాలమూరు జిల్లా, ఆ తర్వాత వికారాబాదు. కంది, పత్తి, తండాలు, పుణేకీ ముంబైకీ వలసపోయిన అమ్మానాన్నలు, ముసలివాళ్ల దగ్గర పెరిగే పిల్లలు. 'మన ఊరు - మన బడి' పనుల కోసం బడి ఆవరణలో ఇసుక పోశారు. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి ఆ ఇసుక మీద వెనక్కి వంగి చేతులు ఆనించి కాళ్లు పైకి తిప్పి నిలబడింది. తర్వాత వరసగా మూడు బండిచక్రాలు తిరిగింది. తండా పిల్ల. ఎక్కడ నేర్చుకున్నావే అంటే, ఫోన్ల చూసిన మేడం అంది. జడలోంచి ఇసుక రాలుతోంది, మొహం వెలిగిపోతోంది. నేను చప్పట్లు కొట్టాను. గిన్నెలు కడుగుతున్న వంట అక్క మాత్రం అరిచింది: "ఏందే ఆ దొమ్మరి గంతులు? ఆడపిల్లవు గాదా?"

ఆ మాట దగ్గర ఆగుదాం. తెలుగు నేల మీద మొదటి జిమ్నాస్టులు దొమ్మరి స్త్రీలు. నా చిన్నప్పుడు చూశాను. డోలు మోగుతుంటే వెదురు గడ నిలబెట్టేవాళ్లు. ఆమె దాని కొసకి ఎక్కి కడుపు ఆనించి చేతులూ కాళ్లూ చాచి గిర్రున తిరిగేది. కింద పరుపు లేదు, వల లేదు. చిన్నపిల్ల తాడు మీద నడిచేది. ఇంకో పిల్ల ఇనప రింగులోంచి ఒళ్లంతా ముడిచి అటు నుంచి ఇటు వచ్చేది. బల్గేరియా పిల్ల వలయంతో చేసే పనికి ప్రపంచం లేచి నిలబడుతుంది. మన పిల్ల రింగులోంచి బయటికొస్తే పళ్లెంలో చిల్లర వేసేవాళ్లం. చిల్లరతో పాటు ఒక పేరు కూడా ఇచ్చాం. ఆ కులం పేరునే ఆడవాళ్లని తిట్టే బూతుగా మార్చుకున్నాం. నలుగురి ముందు ఒళ్లు వంచిన ఆడది ఎవరికైనా అందుతుందని లెక్క. 1909లో థర్‌స్టన్ దక్షిణ భారత కులాల మీద సంపుటాలు వేసినప్పుడు దొమ్మరుల విన్యాసాలతో పాటు వాళ్ల ఆడవాళ్ల నడవడికని కూడా నమోదు చేసుకున్నాడు. ఇవాళ ఆ కులం బీసీ-ఏ జాబితాలో ఒక వరస. ఆ విద్యకి ఏ విశ్వవిద్యాలయంలోనూ పీఠం లేదు. గుడిలో ఆడిన ఆట శాస్త్రీయ నృత్యమై అగ్రకులాల ఇళ్లలోకి వచ్చింది, పేరూ పరువూ మార్చుకుంది. వీధిలో ఆడిన ఆట వీధిలోనే చచ్చిపోయింది.

కాబట్టి సదస్సు హాల్లో నవ్వూ, వంట అక్క కేకా ఒకే చోటి నుంచి వచ్చాయి. వంట అక్క నిజాయితీగా కులం పేరు పెట్టి అంది. మనం 'అందాల పోటీకి చెల్లెలు' అని నాగరికంగా అన్నాం.

ఆ పిల్ల కోసం నేను కొన్నాళ్లు తిరిగాను. హకీంపేట క్రీడా పాఠశాలలో చేరాలంటే నాలుగో తరగతిలో చేరాలి, ఈమె ఎనిమిది. హైదరాబాదు పంపాలంటే వంద కిలోమీటర్లు, ఎవరింట్లో ఉంచాలి, ఎవరు చూసుకుంటారు? అరుణ, మేఘనల పేర్ల గురించి ఇందాక అన్నది ఇందుకే. వాళ్ల కష్టాన్ని తక్కువ చేయడం లేదు. స్టేడియం నగరంలో ఉంటే, పొద్దున్నే దింపి రావడానికి ఇంట్లో ఒకరుంటే తప్ప ఈ కష్టం పడే అవకాశం కూడా రాదు. అసాధ్యమేమీ కాదు. 2014లో మాలావత్ పూర్ణ పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కింది. ఆమెదీ తండా బతుకే, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతోంది. బడి పట్టించుకుంటే అంతదాకా పోవచ్చు. మా పిల్లకి నేను చేయగలిగింది రెండు పాత పరుపులు తెచ్చి ఖాళీ గదిలో వేయడం. ఆరు వారాలు ఆడింది. ఇంకో నలుగురు చేరారు.

ఏడో వారం వాళ్లమ్మ వచ్చింది. పుణే నుంచి సెలవు మీద వచ్చినట్టుంది, చేతులు సిమెంటుతో పగిలిపోయి ఉన్నాయి. ఆమె మరిది ఫోన్లో వీడియో ఉంది. పిల్ల వెనక్కి వంగుతుంటే, లంగా జారుతుంటే, కింద లెగ్గింగ్ ఉందనుకోండి, ఎవరో కిటికీలోంచి తీశారు. ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. కింద నవ్వు బొమ్మలు, కొన్ని మాటలు. ఆ మాటల్లో మళ్లీ అదే కులం పేరు. ఎవరు తీశారో కనుక్కున్నాను. "మంచికే తీసినం మేడం, టాలెంట్ అందరికి తెల్వాలె గదా" అన్నాడు. పిల్లని అడిగావా అంటే, నిజంగానే అర్థం కానట్టు నా మొహం చూశాడు.

నేను ఆ తల్లికి అరుణ గురించి చెప్పాను. ఆ అమ్మాయి లాయరు నోటీసు ఇచ్చింది తెలుసా అన్నాను. ఆమె విని, "ఆమెకు మెడల్ ఉంది గదా మేడం, ఆమె అడుగుతది. నా బిడ్డెకేముంది?" అంది. మెడలున్న అమ్మాయి అడిగినప్పుడే మనమెవరం పలకలేదని ఆమెకు చెప్పలేకపోయాను.

2025లో జాతీయ క్రీడా పాలన చట్టం వచ్చింది. క్రీడా సంఘాల కార్యవర్గాల్లో స్త్రీలు ఉండాలంటోంది. ఆ కుర్చీల్లో ఎవరు కూర్చుంటారో, ఆ సమావేశాల్లో ఏం మాట్లాడతారో చూడాల్సిన పని మనది కాదా? జిల్లా క్రీడా అధికారి ఆఫీసుకి పోయి ఫిర్యాదుల కమిటీ బోర్డు ఏదని అడగడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు, అదున్నవాళ్లు అడిగితే మాత్రం జవాబు తొందరగా వస్తుంది. ఈ పత్రిక ఒక సంచిక మొత్తం ఆడే స్త్రీల కోసం కేటాయించాలని సంపాదకుల్ని అడుగుతున్నాను. కవితలతో నింపకండి. ఆపరేషన్ అయిన మోకాళ్ల గురించి రాయించండి. గడ ఎక్కిన ఆఖరి తరం దొమ్మరి స్త్రీలు ఇంకా బతికి ఉండగానే వెతికి మాట్లాడించండి. వాళ్ల పేర్లు వేయండి, వాళ్లనడిగి.

మా బడిలో పరుపులు ఇప్పుడు స్టోరు గదిలో ఉన్నాయి. ఆ పిల్ల కొడంగల్‌లో ఇంటర్ చదువుతోంది, బస్సులో కలిస్తే చున్నీ సర్దుకుని నమస్తే పెడుతుంది. ఆ వీడియో తీయించేశామనే అనుకున్నాం. పోయిన నెల తాండూరులో ఒక పెళ్లిలో పక్కన కూర్చున్నావిడ ఫోన్ నా ముందుకి చాపింది. "మీ దిక్కు పిల్లనంట మేడం, ఎంత మంచిగ తిరుగుతుందో సూడుండ్రి" అని.